భుజమ్మీది నాలుగు వేళ్ళు

పురసవాక్కం,
జూలై 9

వదినగారికి,
కుముదిని నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. పైన ‘చిరంజీవి సౌభాగ్యవతి’ అని రాశారు. ముప్పై ఐదేళ్ళు పోస్టాఫీసులో పనిచేసిన చెయ్యి కదా, అలవాటు కొద్దీ రాసి ఉంటారు. మీ తమ్ముడు ఇల్లు వదిలి పద్నాలుగేళ్ళయింది. ఆ సౌభాగ్యం అప్పుడే పోయింది. ఇకమీదట ఉట్టి కుముదిని అని రాయండి.

ఫోను ఆపేసి పన్నెండు రోజులైంది. నా నంబరు ఎవరిచ్చారో తెలియదు, పొద్దున కాఫీ పెట్టుకోకముందే మోగడం మొదలయ్యేది. ఒకాయన మీకు న్యాయం జరిపిస్తాం, పది నిమిషాలు మాట్లాడండి అన్నాడు. ఫోను పెట్టేసే ముందు తన చానలును సబ్‌స్క్రైబ్ చేసుకోమని కూడా చెప్పాడు. అందుకే మీ దారికి వచ్చి ఉత్తరం రాస్తున్నాను.

మీరు నా బిడ్డ దహనానికి వచ్చి ఆ సాయంత్రమే బయల్దేరిపోయారు. జరిగినది పదిమంది నోట పదిరకాలుగా విని ఉంటారు. పోలీసు కాగితంలో ఉన్నది ఇంతే. జూన్ పదిహేను, ఆదివారం, సాయంకాలం ఆరుంబావుకు మాధవరం బస్టాండు బయట ధన్య ఫోను చూసుకుంటూ నిలబడి ఉంది. బండిమీద ఇద్దరు వచ్చి ఫోను లాగారు. అది వదల్లేదు. ఇరవై అడుగులు ఈడ్చుకుపోయారు. తల రోడ్డు మధ్య దిమ్మెకు కొట్టుకుంది. మంగళవారం పోయింది. ఆ ఇద్దరూ ఆరు రోజుల్లో దొరికారు, ఒప్పుకున్నారు. క్లియర్ కేసమ్మా అని ఇన్‌స్పెక్టరు చెప్పాడు.

ఫోను ఎందుకు వదల్లేదో కాగితంలో లేదు. అది నేను చెప్తాను. రెండేళ్ళ కిందట షేర్ ఆటోలో ఫోను పోగొట్టుకుని వస్తే నేను దానితో పదిరోజులు మాట్లాడలేదు. ఉద్యోగం చేసుకుంటున్న పిల్లను, మూడో తరగతి పిల్లను నిలబెట్టినట్టు గోడకు నిలబెట్టి కడిగేశాను. ఆ తర్వాత అది ఫోను పట్టుకునే తీరే మారిపోయింది. నేనే చంపుకున్నాను వదినా నా బిడ్డను.

ఇప్పుడు అసలు సంగతి. మా అన్నయ్య భాష్యం, వీధివాళ్ళు కలిసి కన్నీర్ అంజలి పోస్టరు వేయించారు. మీ సూళ్ళూరుపేటలో ఈ ఆచారం ఉందో లేదో. ఇక్కడ మనిషి పోతే మొహం అచ్చువేసి వీధి మొదటినుంచి చివరిదాకా గోడలకు అంటిస్తారు. కింద ఏడ్చేవాళ్ళ పేర్లు వేస్తారు. నాలుగు తరాలుగా మద్రాసులో ఉన్నాం కదా, అరవవాళ్ళ పెళ్ళి పద్ధతులు మనకు అంటలేదు గానీ చావు పద్ధతులు అంటుకున్నాయి. ఫోటో కావలసి వచ్చింది. ధన్య ఫోను పోలీసుల దగ్గర ఉండిపోయింది, మంచి ఫోటోలన్నీ అందులోనే. అన్నయ్య తన ఫోనులో దాని వాట్సాప్ బొమ్మ తెరిచి, “ఇదే వేయిద్దాం కుముదా. ఎంత బాగా నవ్వతా ఉండాదో చూడు” అన్నాడు. నేను చూసే స్థితిలో లేను. సరేనన్నాను. సౌకార్‌పేటకు వెళ్ళి అచ్చువేయించుకు వచ్చాడు.

వాట్సాప్‌లో బొమ్మ గుండ్రంగా కనబడుతుంది. తాకితే చదరంగా తెరుచుకుంటుంది. గుండ్రంలో లేనిది చదరంలో ఎడమవైపు మూలన ఉంది. దాని భుజమ్మీద నాలుగు వేళ్ళు. మగమనిషివి. ఆ మనిషి లేడు, కత్తిరించేసి ఉంది. ఫోనులో ఎవరికీ ఆనలేదు. మూడడుగుల పోస్టరులో ఒక్కో వేలూ అరటికాయంత కనబడింది.

ఎవరో ఆ పోస్టరును ఫోటో తీసి, వేళ్ళ చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి, ‘ఈ చెయ్యి ఎవరిది?’ అని పెట్టారు. తొమ్మిది లక్షలమంది చూశారట. ఆ నెలలోనే పక్క పేటలో ఇంకో ఆడమనిషి ఇలాగే గొలుసు దొంగల చేతిలో పోయింది. పాపం, ఆమెను పట్టించుకున్నవాళ్ళు లేరు. ఆమె పోస్టరులో ఆమె ఒక్కతే ఉంది.

నాకు అంతుపట్టడం లేదు. ముక్కూ మొహం తెలియని జనం నా బిడ్డను ఇంతలా ఎందుకు చూస్తున్నారు? ఇంకొకటి. దాని ఆఫీసు తరమణిలో. ఆదివారం పూట మాధవరంలో దానికేం పని? అత్తా అత్తా అని మీతో గంటలకొద్దీ మాట్లాడేది. మీకేమైనా చెప్పిందా?

కుముదిని


సూళ్ళూరుపేట,
జూలై 16

అమ్మాయి కుముదినికి,
వదిన విజయ దీవెనలు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఒళ్ళు స్వాధీనంలో లేకుండా పోయింది. నిన్ను నువ్వు నిందించుకోకు తల్లీ. పిల్లల్ని కోప్పడని తల్లి ఎవరు? నేను నా కొడుకును బెల్టుతో కొట్టాను, వాడు నిక్షేపంగా ఉన్నాడు. రాతను మనం రాసుకోలేదు.

ఆ సాయంత్రమే వచ్చేసినందుకు నువ్వు మనసులో పెట్టుకున్నావని తెలుస్తూనే ఉంది. నా బీపీ సంగతి నీకు తెలుసు కదా. ఆ జనంలో, ఆ ఎండలో కళ్ళు తిరిగాయి. పదకొండో రోజుకు రావాలనే అనుకున్నాను, డాక్టరు ప్రయాణం వద్దన్నాడు.

లోకులు కాకులు. ఒక కాకి అరిస్తే వంద కాకులు చేరతాయి, ఎందుకు చేరాయో వాటికీ తెలియదు. నాలుగు రోజులు అరిచి పోతాయి. నువ్వు చూడబాకు. ఆ పోస్టర్లు ఇంకా గోడలమీద ఉంటే భాష్యంగారితో చెప్పి చింపించెయ్యి. నాకు శుక్లాలు, ఎవరో ఫోనులో చూపించినా ఆ బొమ్మ సరిగా కనపడనే లేదు. చచ్చిపోయిన పిల్ల భుజమ్మీద ఎవరి చెయ్యి ఉంటే ఏముంది? ఏ పెళ్ళిలోనో పక్కన నిలబడినవాళ్ళది అయి ఉంటుంది.

మాధవరంలో స్నేహితురాలు ఎవరో ఉందని ఒకసారి అన్నట్టు గుర్తు. దాన్ని చూడడానికే పోయి ఉంటుంది.

రాగిజావ తాగుతున్నావా? బడికి వెళ్ళడం మొదలుపెట్టు. నలుగురు పిల్లల మధ్య ఉంటే కొంచెం మరుపు వస్తుంది.

మీ వదిన


పురసవాక్కం,
జూలై 27

వదినగారికి,

బడికి వెళ్తున్నాను. ఎనిమిదో తరగతి తెలుగులో పదకొండు మంది మిగిలారు. నేను గదిలోకి వెళ్తే పదకొండు మందీ ఒకేసారి పుస్తకాల్లో తల దూరుస్తున్నారు. నా ఇరవైతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఇంత బుద్ధిగల తరగతి చూడలేదు. అందరూ చూసేశారన్నమాట.

చూడవద్దని రాశారు. నేను చూస్తూనే ఉన్నాను. ఫోను ఆపేశాను గానీ పాఠాల కోసం బడిలో ఇచ్చిన ట్యాబు ఇంట్లోనే ఉంటుంది. పధ్నాలుగు లక్షలు దాటింది. శ్రీప్రియ అని లెక్కల టీచరు కొత్తగా చేరింది, ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల, మా పాత పురసవాక్కం కుటుంబమే. ఇది ఎందుకింత పాకుతోందో చెప్పమని అడిగాను. ఆ పిల్ల మొదట మొహమాటపడింది. తర్వాత, “మేడం, మీరు ఏడస్తా చూసినా, తిట్టుకుంటా చూసినా ఆ యాప్‌కి ఒకటే దా. ఎంతసేపు చూస్తిరి, అంతే దా అది కనుక్కునేది. చూసేకొద్దీ ఇంకో నలుగురికి చూపిస్తాది” అంది. నేను ఎన్నిసార్లు చూశానో అడిగింది. నలభైసార్లు అయి ఉంటుందన్నాను. ఆ పిల్ల తల దించుకుంది. అంటే నా బిడ్డను ఊరేగిస్తున్న బండిని నేనూ ఒక చెయ్యేసి తోశానన్నమాట.

ఇంతమంది ఎందుకు అనేది నాకు పరీక్ష పేపర్లు దిద్దుతూంటే తట్టింది. వ్యాసం రాయమంటే పిల్లలు రాయరు. పద్యానికి ప్రతిపదార్థం రాయమంటే రాయరు. ఖాళీలు పూరించండి అంటే మాత్రం తరగతిలో మొద్దు కూడా వదలడు. తెలియకపోయినా ఏదో ఒకటి నింపుతాడు. నా బిడ్డ బతుకులో ఒక ఖాళీ కనబడింది వీళ్ళకు. దాన్ని ఎవరికి తోచింది వాళ్ళు నింపుతున్నారు. ప్రియుడన్నారు. పెళ్ళయినవాడన్నారు. వాడే మనుషుల్ని పెట్టి చంపించాడన్నారు. నిప్పు లేనిదే పొగ రాదని ఒక పెద్దమనిషి రాశాడు, బొమ్మలో ఆయన మనవరాలిని ఎత్తుకుని ఉన్నాడు. ఇలాంటి పిల్లలకు ఇలాగే జరగాలని ఒకావిడ రాసింది. ఆవిడ మాట మూడువందల మందికి నచ్చింది.

నా ధన్య ఎలాంటిది వదినా? జీతం రోజున నాకు మల్లెపూలు తెచ్చేది, నేను పెట్టుకోనని తెలిసి కూడా. ఆ సంగతి పెడితే ఒక్కరు చూడరు.

ఒకరు మాత్రం ‘పోస్టరులో తల్లి పేరుంది, మేనమామ పేరుంది, తండ్రి పేరు లేదేం?’ అని అడిగారు. అచ్చుకిచ్చేముందు అన్నయ్య కూడా అదే అడిగాడు. ఆ మనిషి లేడనుకో అని నేనే చెప్పాను.

మాధవరం స్నేహితురాలి పేరు గుర్తుకొస్తే రాయండి. నాకు తెలిసిన ధన్య స్నేహితురాళ్ళెవరూ మాధవరంలో లేరు.

కుముదిని


సూళ్ళూరుపేట,
ఆగస్టు 4

అమ్మాయి కుముదినికి,

పేరు గుర్తు రావడం లేదు. నా వయసు కూడా చూడు. ఎప్పుడో ఫోనులో అన్న మాట, నేను తప్పుగా వినైనా ఉండవచ్చు.

నీకు కోపం వచ్చినా సరే, పెద్దదాన్నిగా ఒక మాట చెప్తాను. తవ్వకు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. పోయినదాని గురించి ఏం తెలుసుకున్నా అది తిరిగి రాదు, ఉన్నవాళ్ళకే గుచ్చుకుంటుంది. కొన్నాళ్ళు ఇక్కడికి వచ్చి నా దగ్గర ఉండు. ఇల్లు ఖాళీగా ఉంది. నీకు టీవీ కూడా పెట్టను.

ఒంట్లో బాగుండడం లేదు. ఇంతకన్నా రాయలేను.

విజయ


పురసవాక్కం,
ఆగస్టు 19

వదినగారికి,

పోయిన శనివారం ఒక పిల్లవాడు మా ఇంటికి వచ్చాడు. పేరు శరత్‌చంద్ర. కరీంనగరు వాళ్ళు. ధన్య ఆఫీసులో దాని పక్క సీటు. గడ్డం పెరిగి, చొక్కా నలిగి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు గుమ్మంలో నిలబడ్డాడు. మొదట చానలువాడనుకుని తలుపు వేయబోయాను.

అతను చేసిన నేరం ఒక్కటే. ఆఫీసువాళ్ళు మహాబలిపురం వెళ్ళినప్పుడు తీసుకున్న ఫోటోలో ధన్య పక్కన నిలబడ్డాడు. ఎవరో ఆ ఫోటో సంపాదించారు. అందులో అతని చెయ్యి, పోస్టరులో చెయ్యి పక్కపక్కన పెట్టి, కొలతలు వేసి, గీతలు గీసి, దొరికాడు అన్నారు. రెండు రోజుల్లో అతని పేరు, తండ్రి పేరు, ఊరు, ఇంటి ఫోటో అన్నీ పెట్టేశారు. అతనికి ఆరతి అనే పిల్లతో సంబంధం కుదిరి, లగ్నపత్రిక రాసుకున్నారు. వాళ్ళు వెనక్కి తగ్గారు. ఊళ్ళో వాళ్ళ నాన్న బయటికి రావడం మానేశాడు. ఆఫీసులో కొంతకాలం సెలవు పెట్టమన్నారట. పోలీసులు ఇతన్ని పిలవనైనా పిలవలేదు, అతనితో వాళ్ళకు పనే లేదు. పని ఉన్నదంతా జనానికే.

రెండు చేతులూ నా టీపాయి మీద పరిచాడు.

“అమ్మా, జర సూడుండ్రి. నా వేళ్ళు గిట్లుంటయి. ఆ వేళ్ళు నావి కావు. మీరొక్క మాట జెప్తే జనం ఇంటరు. మీరు తల్లి గదా” అన్నాడు.

నిజంగానే చూశాను. సన్నటి వేళ్ళు. గోళ్ళు కొరికేసి ఉన్నాయి. 

ఎవరివో తెలియనిదాన్ని, ఎవరివి కావో మాత్రం ఎలా చెప్పను బాబూ అన్నాను. అతను మంచినీళ్ళు తాగి, నా కాళ్ళకు దణ్ణంపెట్టి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, “ధన్య మస్తు మంచి పిల్లమ్మా” అని వెళ్ళిపోయాడు. రెండు నెలల్లో ఒక బయటి మనిషి నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. తలుపు వేసుకుని ఏడ్చాను.

ఇంకొకరి బిడ్డ బతుకు కూడా పోతోంది వదినా. మీకు ఏమైనా తెలిసి ఉంటే ఇప్పటికైనా చెప్పండి. తెలియదంటే తెలియదని ఒట్టేసి రాయండి. మీ మాట నమ్ముతాను.

కుముదిని


సూళ్ళూరుపేట,
ఆగస్టు 25

కుముదినికి,

ఒట్టు వేయలేను. ఆ చెయ్యి అమర్‌ది. నా తమ్ముడు అమరనాథ్‌ది. ధన్య నాన్నది.

ఇప్పుడు మొదటినుంచీ చెప్తాను, మధ్యలో చించేయకుండా చదువు. నిన్ను వదిలి ఎవరికోసం పోయాడో ఆ కోకిల కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయింది. అప్పటినుంచీ వాడు మాధవరం పాలకాలనీలో ఒక్కడే ఉంటున్నాడు. మూడేళ్ళ కిందట ధన్య నా దగ్గరికి వచ్చింది. ఆఫీసు పనిమీద శ్రీహరికోట వచ్చానని నీకు చెప్పి వచ్చింది. భోజనం చేసి, చెయ్యి కడుక్కుంటూ, “అత్తా, నాన్న ఈడికి దగ్గర్లోనే ఉండాడా? ఇల్లు ఏడో చెప్పత్తా. ఒక్కసారి చూసి వచ్చేస్తా” అంది. నేను ఒక పాత కవరు వెనక చిరునామా రాసి ఇచ్చాను. నా చేత్తో రాసిచ్చాను. ఒక్కసారి అన్నది మూడేళ్ళయింది. నెలకు రెండు ఆదివారాలు వెళ్ళేది. వండి పెట్టేది, లేదా వాడు వండినది తిని వంకలు పెట్టి వచ్చేది.

నీకు చెప్పమని నేను చాలాసార్లు అన్నాను. అమ్మ తట్టుకోలేదు అత్తా అనేది. ఆ మనిషి గడప తొక్కితే నా మొహం చూడొద్దని నువ్వు దాని చేత పన్నెండేళ్ళప్పుడే ప్రమాణం చేయించావట.

ఈ ఉగాదికి నేను అక్కడికి పోయాను. ఆ ఫోటో తీసింది నేనే. దాని ఫోనుతోనే తీశాను. వాడు మూడేళ్ళుగా బిడ్డను తాకడానికి భయపడేవాడు కుముదినీ. తప్పు చేసినవాడి భయం అది. ఫోటోకు నిలబడమంటే మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడంగా నిలబడ్డాడు. “ఆ దూరమేందిరా, కూతురే గదా, భుజమ్మీద చెయ్యెయ్యి” అని నేనే కసిరాను. వేశాడు. అది పకపకా నవ్వింది. ఆ నవ్వే మీ గోడలమీద ఉంది.

ఫోటో బాగుందని, దాన్నే వాట్సాప్‌లో పెట్టుకుంటానంది. అక్కడే కూర్చుని వాడిని కత్తిరించేసింది. ఎంత శ్రద్ధగా కత్తిరించిందో. అది ఎక్కడ నేర్చుకుందో నీకు తెలుసు. పన్నెండేళ్ళ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇంట్లో ఆల్బములన్నిట్లోనూ వాడి మొహాలు కత్తెరతో తీసేశావు. నీ బాధ నాకు తెలుసు, వాడు చేసింది తప్పే, తమ్ముడని నేను వెనకేసుకు రాను. కానీ ఆ పిల్ల అదంతా చూస్తూ కూర్చుంది. వేళ్ళు ఉండిపోయాయి నాన్నవి అంటే, ఉండనీ అత్తా, గుండ్రంలో పడవులే అంది.

దహనం రోజు వాడు ఓటేరి శ్మశానం గేటు బయట నిలబడ్డాడు. లోపల మీ అన్నయ్య నిప్పు పెడుతుంటే కన్నతండ్రి రోడ్డుమీద ఉన్నాడు. లోపలికి రమ్మని చెయ్యి పట్టుకు లాగాను. నాకేం హక్కు ఉంది అక్కా అన్నాడు. వాడిని ఆ స్థితిలో వదలలేక ఆ సాయంత్రం వాడి వెంట వెళ్ళాను. నా బీపీకి ఏమీ కాలేదు.

పోలీసులు వాడిని పిలిచి, అడిగి, పంపేశారు. ఈ చెయ్యి గోల మొదలవగానే, నాదేనని చెప్పేస్తాను అక్కా అన్నాడు. నేనే వద్దని ఒట్టు వేయించుకున్నాను. ఎందుకో తెలుసా? వాడు బయటికొస్తే చిరునామా ఎవరిచ్చారని నువ్వు అడుగుతావు. నేను రాసివ్వకపోయి ఉంటే ఆ ఆదివారం ఆ పిల్ల ఆ బస్టాండులో ఉండేది కాదు. పొద్దున లేస్తే ఇదే ఆలోచన. నన్ను తిట్టు, మొహం చూడనని అను, ఏమన్నా పడతాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. ఆ కరీంనగరు బిడ్డ ఉసురు మాత్రం మనకొద్దు.

అమర్‌ది పాత బటన్ల ఫోను. అందుకని ధన్య పూర్తి ఫోటోను అచ్చువేయించి వాడికిచ్చింది. అది అడిగి తెచ్చి దీనితో పంపుతున్నాను.

విజయ


పురసవాక్కం,
సెప్టెంబరు 3

వదినగారికి,

ఉత్తరం, ఫోటో అందాయి. ఫోటో ఉన్న కవరు విప్పకముందే మీకు ఒక సంగతి రాయాలని కూర్చున్నాను.

నాకు తెలుసు వదినా. పోస్టరు అంటించిన రోజునే తెలుసు.

మీ తమ్ముడి ఉంగరపు వేలి గోరు మధ్యకు చీలి ఉంటుంది. ధన్య పుట్టిన ఏడాది ఉయ్యాలకు కొక్కెం కొడుతూ సుత్తితో వేలు చితక్కొట్టుకున్నాడు. పసుపు అద్ది కట్టు కట్టింది నేను. ఆ గోరు మళ్ళీ సరిగా రాలేదు. అన్నయ్య పోస్టరు చుట్ట విప్పి గోడకు ఆనించి చూపించాడు, నేను మొదట చూసింది నా బిడ్డ మొహం కాదు, ఆ గోరు. ఒళ్ళంతా మంట పుట్టింది. అప్పటికి దాని చితి చల్లారి ఒకరోజైనా కాలేదు. ఏడవవలసినదాన్ని కోపంతో ఊగిపోయాను. నన్ను మోసం చేసి ఇతని దగ్గరికి వెళ్ళిందా అనుకున్నాను. అన్నయ్యా, ఈ మూల కత్తిరించి వేయించు అని ఒక్కమాట అంటే సరిపోయేది. అంటే ఎందుకని అడుగుతాడు. బాగుంది, అంటించు అన్నాను.

మాధవరంలో దానికేం పని అని మీకు రాశాను. మీరు నిజం చెప్తారా లేదా చూద్దామని రాశాను. మీరు స్నేహితురాలన్నారు. మీ అబద్ధం చూసి నాకు సంతోషమే అయింది. ఇక నేనూ తెలియనట్టే ఉండవచ్చు కదా అనుకున్నాను. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరం ఒకరికొకరం ఉత్తరాలు రాసుకున్నాం. జనం ఎందుకు చూస్తున్నారని పేజీలకొద్దీ రాశాను, ఖాళీలనీ పూరించడమనీ పెద్ద తెలివిగా. ఆ ఖాళీలో నింపవలసిన మాట నా నోట్లోనే ఉంది. ఆ పిల్లవాడు చేతులు పరిచి బతిమాలినప్పుడు కూడా మింగేశాను.

ఎందుకో చెప్తాను. ఇది ఎవరికీ చెప్పలేదు. నా కూతురికి ప్రియుడున్నాడని లోకమంతా అంటే ఓర్చుకున్నాను. పెళ్ళయినవాడితో తిరిగిందంటే కూడా ఓర్చుకున్నాను. దానికి తండ్రి ఉన్నాడనే మాట ఒక్కటే ఓర్చుకోలేకపోయాను. పద్నాలుగేళ్ళు ఒక్కదాన్నే పెంచాను, అది నా ఒక్కదానిదే అనుకున్నాను. అది ఇంకొకరి పక్కన కూడా అంత బాగా నవ్వుతుందని ఒప్పుకోవడం కంటే, దాని పరువు పోయినా ఫరవాలేదనిపించింది. కన్నతల్లిని వదినా నేను.

కవరు విప్పి చూశాను. అతను ముసలివాడైపోయాడు. చెయ్యి వేశాడు గానీ బరువు ఆనించలేదు, వేళ్ళ కొనలే తగిలాయి. ధన్య అతనివైపుకు ఒరిగి ఉంది. పోస్టరులో అది తెలియదు.

మొన్న శ్రీప్రియను పిలిచి, ఆ పిల్ల ఫోను ముందు కూర్చుని చెప్పాను. నా పేరు కుముదిని, ధన్య తల్లిని, ఆ చెయ్యి దాని తండ్రి అమరనాథ్‌గారిది, శరత్‌చంద్ర ఏ పాపమూ ఎరగడు, మొదటిరోజునే తెలిసి కూడా చెప్పని తప్పు నాది అన్నాను. పూర్తి ఫోటో చూపించాను. నిమిషం కూడా లేదు. పధ్నాలుగు లక్షలు చూసిన కథకు ఇది ముగింపు కదా, ఎంతమంది చూస్తారో అనుకున్నాను. ఈ రోజుకు నాలుగువందల పన్నెండు మంది చూశారు. కింద ఒకతను ‘ఇంతేనా’ అని రాశాడు. శ్రీప్రియ అది నాకు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టబోయింది. నేను చూశాను. అవును బాబూ, ఇంతే.

శరత్‌చంద్ర ఉద్యోగం మానేసి ఊరు వెళ్ళిపోయాడు. వీడియో చూసి శ్రీప్రియకు ఫోను చేసి, అమ్మకు దణ్ణాలు చెప్పమన్నాడట. ఆరతి వాళ్ళు మాత్రం మళ్ళీ రాలేదు. ఆ నాలుగువందల మందిలో వాళ్ళు లేరేమో. ఆరతి నాన్నగారికి ఒక ఉత్తరం రాశాను. క్షమించమని అడగలేదు, జరిగింది రాశాను.

చిరునామా ఇచ్చినందుకు మిమ్మల్ని ఏమీ అనను. తండ్రి ఎక్కడున్నాడో తల్లిని అడగలేక, మూడు గంటలు ప్రయాణం చేసి అత్తను అడగవలసిన గతి దానికి పట్టించింది నేను. మీరు ఇవ్వకపోతే ఇంకెవరినో అడిగి ఉండేది. నా కూతురు నాలాగే మొండిది.

నేను అతన్ని క్షమించలేదు. క్షమిస్తానని కూడా అనుకోవడం లేదు. కానీ నెలకు రెండు ఆదివారాల చొప్పున మూడేళ్ళు అతని దగ్గర ఉన్నాయి. ఆ ఇంట్లో అది ఏం వండింది, దేనికి వంకలు పెట్టింది, నా మీద ఏమని చెప్పుకుంది, నన్ను చూసి భయపడేదా, జాలిపడేదా, ఇవేవీ నాకు తెలియవు. నా దగ్గరున్న ధన్య అయిపోయింది వదినా. తలుచుకున్నవే తలుచుకుంటున్నాను. అతని దగ్గర ఇంకా కొంచెం ఉంది.

వెళ్ళి అడుగుతాను. చెప్పేదాకా కూర్చుంటాను. ఇల్లు ఎక్కడో నాకు తెలియదు. ఆ చిరునామా నాకు కూడా రాసి పంపండి.

కుముదిని